జవాబు సరిపోయింది, లెక్క తప్పింది

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక పల్లె. నేను బీకాం చదివాను. తమ్ముడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతి. సాయంత్రం అతని గణితం, భౌతికశాస్త్రం ఇంటిపని నేనే చూస్తాను. పక్కింటి అమ్మాయి కూడా పుస్తకాలు తీసుకుని వస్తుంది. తను ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మొన్న త్రికోణమితిలో ఒక లెక్క ఇచ్చారు: "కొంత దూరం నుంచి చూస్తే నీళ్ల ట్యాంకు పైభాగం 30 డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనిపించింది. ట్యాంకు వైపు 20 మీటర్లు నడిచి చూస్తే 60 డిగ్రీలు అయింది. ట్యాంకు ఎత్తు ఎంత?" తమ్ముడు దగ్గరి దూరాన్ని ఎక్స్ అనుకుని ఎత్తు = ఎక్స్/√3 అని, ఎత్తు = (ఎక్స్ + 20)√3 అని రెండు సమీకరణాలు రాశాడు. ఎక్స్ = −30 వచ్చింది. దూరం రుణసంఖ్య కాదు కాబట్టి 30 అని దిద్దుకున్నాడు. ఎత్తు 30/√3, అంటే 10√3 మీటర్లు. పుస్తకం వెనక ఉన్న జవాబూ అదే. అయినా సార్ ఇంటు కొట్టి, సున్నా వేసి, "పటం ఏది?" అని రాశారు. తమ్ముడు ఏడ్చాడు. తప్పేమిటో నాకూ తెలియలేదు. ఇంకో సంగతి. నేను చెబితే రాసుకుంటాడు, చెప్పకపోతే ఫోనుతో లెక్కను ఫొటో తీసి జవాబు దింపుకుంటాడు. భౌతికశాస్త్రం నాకే సరిగా రాదు. నాన్న ట్యూషన్ పెట్టిద్దాం అంటున్నారు. నేను ఎలా సాయం చేయాలి?
— ఒక అక్క, హాలియా దగ్గర

సమాధానం:

అమ్మా, మీ తమ్ముడి స్టెప్పులన్నీ రాసి పంపడం మంచి పని అయింది. జవాబు ఒక్కటే పంపి ఉంటే నేను కూడా సార్‌నే తప్పుపట్టేవాణ్ని.

అతను కాగితం మీద పటం గీయలేదు కానీ మనసులో ఒకటి గీసుకున్నాడు, అదీ తిరగేసి. ట్యాంకుకు దగ్గరగా ఉన్న చోట 30 డిగ్రీలు, అక్కడి నుంచి 20 మీటర్లు దూరం జరిగిన చోట 60 డిగ్రీలు అనుకున్నాడు. నిజానికి ఎత్తైన దాని దగ్గరకు వెళ్లే కొద్దీ మనం మెడ ఇంకా పైకి ఎత్తాలి, కోణం పెరుగుతుంది. దగ్గరి చోట 60, దూరపు చోట 30. అలా రాస్తే ఎత్తు = ఎక్స్ × √3, ఎత్తు = (ఎక్స్ + 20)/√3. రెండూ సమానం చేస్తే 3 ఎక్స్ = ఎక్స్ + 20, అంటే ఎక్స్ = 10. ఎత్తు 10√3, సుమారు 17.3 మీటర్లు.

మరి తిరగబడిన పటంతో కూడా అదే ఎత్తు ఎలా వచ్చింది? ఈ లెక్కలో అసలు అందం ఇక్కడే ఉంది. మీ తమ్ముడి సమీకరణాలలో ఎక్స్ విలువ −30, ఎక్స్ + 20 విలువ −10. రుణ గుర్తులు పక్కన పెట్టి చూడండి. 30 డిగ్రీల చోటు 30 మీటర్ల దూరంలో ఉంది, 60 డిగ్రీల చోటు 10 మీటర్ల దూరంలో ఉంది. అదే నిజమైన పటం! తప్పు పటం ఇచ్చినా బీజగణితం దాన్ని ఒప్పుకోలేదు, నువ్వు చెప్పిన దిక్కుకు ఇది ఎదురు దిక్కు అని రుణ గుర్తుతో చెప్పింది. అతను ఆ గుర్తును కొట్టేసి ముందుకు వెళ్లాడు. ఎత్తు ఒక్కటే అడిగారు కాబట్టి జవాబు కలిసింది. ట్యాంకుకు ఇప్పుడు ఎంత దూరంలో నిలబడ్డాడో కూడా అడిగి ఉంటే తన పద్ధతిలో 30 + 20, అంటే 50 మీటర్లు అని రాసేవాడు. అసలు జవాబు 10.

ఒక్క నిమిషం సరిచూసుకుని ఉన్నా దొరికిపోయేది. ఎక్స్ = 30 అని దిద్దాక మొదటి సమీకరణంలో పెడితే ఎత్తు 17.3. రెండో దానిలో పెడితే 50 × √3, సుమారు 86.6. ఒకే ట్యాంకుకు రెండు ఎత్తులు ఉండవు. వచ్చిన విలువను ఒక సమీకరణంలోనే పెట్టి, సరిపోయింది అనుకుని వదిలేయడం మన పిల్లల్లో చాలా ఎక్కువ. లెక్కలో చెప్పిన ప్రతి షరతుకూ జవాబు నిలబడాలి.

కాబట్టి సార్ ఇంటు కొట్టడం న్యాయమే. అయితే "రుణ గుర్తు ఎందుకు వచ్చిందో చూడు" అని ఒక్క మాట రాసి ఉంటే ఆ పిల్లవాడు ఏడ్చేవాడు కాదు, ఆలోచించేవాడు. ఆ మాట ఇప్పుడు మీరు అనండి. దూరం రుణసంఖ్య కాదని గమనించినందుకు ముందు మెచ్చుకోండి. అది గమనించకుండా రాసుకుంటూ పోయే పిల్లలు ఎందరో ఉంటారు. తర్వాత సాయంత్రం వెలుతురు ఉండగా మీ ఊరి ట్యాంకు దగ్గరకు తీసుకెళ్లి దూరం నుంచి దగ్గరకు నడిపించండి. మెడ ఎప్పుడు ఎక్కువ ఎత్తాల్సి వచ్చిందో అతనే చెబుతాడు. ఇక ఆ అధ్యాయంలో పటం తిరగబడదు.

ఇక మీ అసలు ప్రశ్న. చెబితే రాసుకుంటాడు, చెప్పకపోతే ఫోను తీస్తాడు. ఈ రెండింటికీ మధ్య చాలా చోటు ఉందమ్మా, సాయం చేసేవాళ్ల పని అంతా ఆ చోటులోనే. మన దగ్గర వ్యవసాయ బావుల్లో ఈత నేర్పేటప్పుడు పిల్లవాడి నడుముకు తాడు కట్టి పెద్దవాళ్లు గట్టు మీద నిలబడతారు. మునుగుతుంటే లాగుతారు, అంతే తప్ప అతని బదులు దూకి ఈదరు. ఇంటిపనిలో ఆ తాడు మీరు అడిగే ప్రశ్న. పెన్ను మాత్రం మీ చేతిలోకి తీసుకోకండి. లెక్క మధ్యలో పెన్ను మీ చేతికి వచ్చిందంటే ఆ క్షణం నుంచి ఆలోచన కూడా మీదే అవుతుంది.

మొదట లెక్కను చదివించి, పుస్తకం మూయించి, సొంత మాటల్లో చెప్పమనండి. ఇంగ్లిషు మాధ్యమం అయితే తెలుగులో చెప్పమనండి. ద్విభాషా పాఠ్యపుస్తకం ఉంటే తెలుగు పేజీ ముందు చదివితే తప్పేమీ లేదు. ఏమి ఇచ్చారు, ఏమి అడిగారు అన్నది చెప్పలేకపోతే సమస్య గణితంలో లేదు, చదవడంలో ఉంది. అది చెప్పగలిగితే పటం. పటం మీద ఇచ్చిన అంకెలన్నీ ఉండాలి, అడిగిన దాని చోట ప్రశ్న గుర్తు ఉండాలి. ఆ తర్వాత గుణకారాలూ భాగహారాలూ మొదలుపెట్టక ముందే జవాబు ఎంత ఉండవచ్చో ఊహించమనండి. ట్యాంకు ఎత్తు రెండు మీటర్లు ఉంటుందా, రెండు వందలు ఉంటుందా? ఈ ఊహ తప్పినా పరవాలేదు. ముందు ఊహించిన పిల్లవాడు చివర వచ్చిన జవాబును అనుమానంగా చూస్తాడు.

మధ్యలో ఆగిపోయినప్పుడు నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటి ఉంది: "ఇచ్చిన వాటిలో నువ్వు ఇంకా వాడనిది ఏమిటి?" పాఠ్యపుస్తకం లెక్కల్లో అనవసరమైన అంకెలు దాదాపు ఇవ్వరు. "నున్నని తలం" అని రాశారంటే ఘర్షణ లేదని, "నిశ్చల స్థితి నుంచి" అన్నారంటే తొలి వేగం సున్నా అని. పిల్లలు అంకెలను మాత్రమే సమాచారం అనుకుని ఇలాంటి మాటల మీదుగా దాటిపోతారు. ఈ ప్రశ్న అడగడానికి మీకు ఆ పాఠం రావలసిన అవసరం లేదు. బీకాం చదివిన అక్క భౌతికశాస్త్రంలో సాయం చేయగలదా అన్న మీ సందేహానికి సగం సమాధానం ఇదే.

అడిగినా అడిగినా కదలకపోతే? అప్పుడు చెప్పాలి. అసలు చెప్పనే చెప్పను అని బిగుసుకుని కూర్చోవడం పిల్లవాడిని ఒంటరిని చేయడమే, నేను దానికి ఒప్పుకోను. పాఠం కొత్తది అయితే ఎవరో ఒకరు చేసి చూపించందే ఏ పిల్లవాడికీ రాదు. అయితే ఆ లెక్కే చేయకండి. అంకెలు మార్చి అలాంటిదే ఇంకొకటి మొత్తం చేసి చూపండి. 30, 60 బదులు 45, 60 పెట్టండి. ప్రతి వరుస దగ్గర ఎందుకు అలా రాశారో పైకి చెబుతూ రాయండి. తర్వాత ఆ కాగితం బోర్లించి, అతని లెక్క అతనికి ఇవ్వండి.

ఇంకో మాట గుర్తుంచుకోండి. పదో తరగతి లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లవాడు చాలాసార్లు ఏడో తరగతి మెట్టు దగ్గర జారి ఉంటాడు. వర్గ సమీకరణం రావడం లేదని వచ్చేవాళ్లలో చాలామందికి భిన్నాల కూడిక రాదు. 1/2 + 1/3 = 2/5 అని రాస్తారు. అలాంటప్పుడు కసాగు పద్ధతి మళ్లీ అప్పజెప్పించకండి. "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?" అని అడగండి. 2/5 సగం కంటే తక్కువ కదా. అలాగే రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేయమంటే విడివిడిగా వర్గం చేసి కలిపేవాళ్లు ఉంటారు. 3, 4 పెట్టి చూడమనండి. 7 వర్గం 49. 9 + 16 అయితే 25. పిల్లవాడు తన తప్పును తన అంకెలతోనే పట్టుకోవాలి. మీరు పట్టుకుంటే అది మీ దగ్గరే ఉండిపోతుంది. సమీకరణంలో "అటు పక్కకు వెళితే గుర్తు మారుతుంది" అన్న మంత్రం కూడా అంతే. రెండు వైపులా ఒకే సంఖ్య తీసేశాం అన్న కారణం చెప్పించండి, సగం గుర్తుల తప్పులు తగ్గుతాయి.

ఫోను గురించి నేను కోపం తెచ్చుకోను. దాన్ని లాక్కుంటే స్నేహితుడి నోట్‌బుక్ వస్తుంది, అదీ లేకపోతే గైడు వస్తుంది. ఫోనులో చూడవచ్చు, కానీ తను కనీసం బొమ్మ, ఇచ్చినవి, అడిగినది రాసుకుని పదిహేను, ఇరవై నిమిషాలు ప్రయత్నించాక. చూశాక తన పద్ధతి ఏ వరుస దగ్గర వేరైందో అక్కడ గీత గీయాలి. తర్వాత ఫోను అవతల పెట్టి, తెల్ల కాగితం మీద మొత్తం మళ్లీ రాయాలి. మర్నాడు అదే లెక్క మీరు ఇంకోసారి ఇవ్వండి. చూసినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ కాగితం ముందు కూర్చుంటే గానీ ఎంత వచ్చిందో తెలియదు. ఈ షరతులు ఒప్పుకున్నాక ఫొటో తీయాలన్న తొందర దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే దానితో పని తప్పడం లేదు.

భౌతికశాస్త్రం దగ్గరకు వద్దాం. మీకు రాదు అంటున్నారు కానీ, బీకాంలో మీరు లక్షలనూ వేలనూ ఒకే వరుసలో కలిపి కూడరు కదా. భౌతికశాస్త్రంలో మొదటి కాపలా అదే, ప్రమాణాలు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సుకు బ్రేకు వేస్తే సెకనుకు సెకనుకు 4 మీటర్ల చొప్పున వేగం తగ్గింది, ఎంత దూరంలో ఆగుతుంది? వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. 72ను అలాగే పెట్టిన పిల్లవాడికి 648 మీటర్లు వస్తుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బ్రేకు వేసిన బస్సు అర కిలోమీటరు దాటాక ఆగుతుందా అని అడగండి, అతనే తల అడ్డంగా ఊపుతాడు. 5/18తో గుణిస్తే 72 కాస్తా సెకనుకు 20 మీటర్లు. 400ను 8తో భాగిస్తే 50 మీటర్లు. అక్కడితో ఆపకండి. వేగం సగం అయితే దూరం సగం అవుతుందా అని అడగండి. అవదు, పావు వంతు అవుతుంది, 12.5 మీటర్లు. స్కూటీ నడిపే వయసు వస్తున్న పిల్లలకు ఈ లెక్క మార్కులకు మించి పనికొస్తుంది.

పక్కింటి అమ్మాయి గురించి మీరు ఎక్కువ రాయలేదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో చాలామంది సూత్రాలన్నీ వరుసగా అప్పజెబుతారు, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక నలిగిపోతారు. ఆ అమ్మాయిని ఒక ప్రశ్న అడిగి చూడండి: నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి బాగా పైకి వెళ్లి ఆగిన ఆ బిందువులో త్వరణం ఎంత? సున్నా అంటే కంగారు పడకండి, తెలివైన పిల్లలు కూడా అలాగే అంటారు. అక్కడ వేగం సున్నా, నిజమే. త్వరణం కూడా సున్నా అయితే ఆ తర్వాత రాయి ఏమి చేయాలి? కదలకుండా అక్కడే గాలిలో నిలిచిపోవాలి. నిలవదు కదా. భూమి లాగడం ఆ క్షణంలోనూ ఆగలేదు, త్వరణం 9.8, కిందివైపు. వేగం వేరు, వేగంలో మార్పు వేరు అన్నది ఒకసారి ఒంటబడితే గమన సమీకరణాల్లో గుర్తుల గొడవ సగం తీరుతుంది. మిగతా సగానికి మందు ఒక్కటే. లెక్క మొదట్లోనే "పైకి ధనం, కిందికి రుణం" అని రాసుకుని, చివరిదాకా మార్చకపోవడం.

మీ ఇంటికి నాగార్జునసాగర్ అంత దగ్గరగా ఉంది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. వానాకాలంలో రోజూ వార్తల్లో వింటారు, సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు అని. తమ్ముణ్ని మీటర్లలోకి మార్చమనండి. సుమారు 180 వస్తుంది. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు అని చెప్పండి. గోడ కంటే నీళ్లు ఎత్తుగా ఎలా నిలిచాయి? కాసేపు తల పట్టుకుని ఆలోచించనివ్వండి. 590 అడుగులు సముద్ర మట్టం నుంచి కొలిచినవి, ఆనకట్ట అడుగు నుంచి కాదు. ఎక్కడి నుంచి కొలుస్తున్నాం అన్న ప్రశ్న లేకుండా ఏ ఎత్తుకూ, ఏ స్థితిజ శక్తికీ అర్థం లేదన్న పాఠం ఇందులో మొత్తం ఉంది.

అక్కడి విద్యుత్ కేంద్రంతో ఇంకో మెట్టు ఎక్కవచ్చు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. వెయ్యి లీటర్ల నీరు, అంటే వెయ్యి కిలోలు, వంద మీటర్లు కిందికి పడితే ఇచ్చే శక్తి 1000 × 9.8 × 100, అంటే 9.8 లక్షల జౌళ్లు. కాబట్టి నష్టాలేవీ లేకపోయినా ఒక యూనిట్‌కు దాదాపు 3,670 లీటర్లు పడాలి. ఇప్పుడు దేవరకొండ వైపు బోర్లను తలచుకోండి. నీరు వంద మీటర్ల లోతులో ఉంటే ఒక యూనిట్ కరెంటు పైకి తీయగలిగేది కూడా, ఎంత మంచి మోటారైనా, అదే 3,670 లీటర్లకు మించదు. 5 హెచ్‌పీ మోటారు బలం 3,730 వాట్లు. గంటసేపు తిరిగినా ఆ లోతు నుంచి 13,700 లీటర్ల కంటే ఎక్కువ రాదు, నిజంలో ఇంకా బాగా తక్కువే వస్తుంది. ఇంత లోతు నుంచి నీళ్లు తోడే రైతు ఇంట్లో పుట్టిన పిల్లలకు శక్తి, సామర్థ్యం అన్న మాటలు పరీక్ష పేపరులో మాత్రమే కనిపించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మీ ఇంట్లోనైనా అలా జరగనివ్వకండి. ఇలాంటి లెక్కలు వారానికి ఒకటి చాలు. ఎక్కువ చేస్తే అదీ ఇంటిపనే అయిపోతుంది.

సాయంత్రపు సమయం గురించి కూడా అడిగినట్టే తీసుకుంటాను. ఒక లెక్క అరగంటకూ తెగకపోతే ఎక్కడిదాకా వచ్చాడో ఆ వరుస కింద "ఇక్కడ ఆగాను" అని రాయించి పక్కన పెట్టించండి. నిద్ర లేచాక కొన్ని వాటంతట అవే తెగుతాయి. తెగనివి సార్ దగ్గరకు పట్టుకెళ్లాలి. "సార్, ఈ లెక్క రాలేదు" అంటే ఏ సారైనా బోర్డు మీద చేసేస్తారు. "సార్, ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ ఈ రుణ గుర్తు ఎందుకు వచ్చిందో తెలియలేదు" అంటే ఆయన కూడా కూర్చుని చూస్తారు. మీ తమ్ముడికి ఆ రెండో వాక్యం అలవాటు చేయండి. పాఠమే మళ్లీ వినాలనిపిస్తే టి-శాట్ విద్య ఛానల్‌లో పాఠాలు వస్తాయి, డబ్బు పెట్టనవసరం లేదు.

ట్యూషన్ విషయంలో నాన్నగారి మాట తోసేయకండి. మీకు పరీక్షలు గానీ, ఉద్యోగం గానీ వచ్చి ఈ సాయంత్రాలు దొరకని రోజు వస్తుంది. అయితే డబ్బు కట్టే ముందు ఒక సాయంత్రం వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి చూడమనండి. పిల్లలు వంగి తమ లెక్క తాము చేసుకుంటూ, సార్ వరుసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తుంటే చేర్పించండి. సార్ ఆపకుండా బోర్డు మీద రాస్తూ, పిల్లలు తల ఎత్తకుండా దింపుకుంటూ ఉంటే వద్దు. ఆ పని ఫోను ఉచితంగానే చేస్తోంది.